సంక్రాంతి కార్డులు ఇంట్లో చేసేటప్పుడు ముందు కవరు కొలుచుకోండి

మీరు అడిగింది ఇదీ: పిల్లలిద్దరితో కలిసి ఈ సంక్రాంతికి ఇంట్లోనే 30 కార్డులు చేసి చుట్టాలకీ స్నేహితులకీ పోస్టులో పంపాలని ఉంది. పోయినేడు చేసినవి వంకర్లు పోయాయి. కొన్నిటిలో రంగు అవతలి పేజీకి అంటుకుంది. పూసలు అతికించినవైతే కవర్లు చింపుకుని బయటికొచ్చాయి. ఏ కాగితం కొనాలి, ఏ జిగురు వాడాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి?

నేను కోనసీమలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యాను. పాతికేళ్ల పైనుంచి ప్రతి ధనుర్మాసం బడిపిల్లలతో, ఇప్పుడు మనవలతో ఈ కార్డులు చేయిస్తున్నాను. మీకొచ్చిన ఇబ్బందులు మూడూ నాకూ వచ్చాయమ్మా. వంకర్లు పోవడానికీ, రంగు అంటుకోవడానికీ మన గాలిలో ఉండే చెమ్మే కారణం. కవర్లు చిరగడానికి మాత్రం మనమే కారణం. బొమ్మ అంతా అయ్యాక దానికి సరిపోయే కవరు కోసం షాపుల వెంట తిరుగుతాం. నేను కవరూ, స్టాంపూ, తూకమూ తేల్చుకున్నాకే అట్ట మీద కత్తెర పెడతాను.

మామూలు ఉత్తరానికి 20 గ్రాముల వరకు 5 రూపాయల స్టాంపు చాలు. అది దాటితే ప్రతి 20 గ్రాములకూ ఇంకో 5. చాలామంది ఏ4 సైజు మందపాటి అట్ట కొని సగానికి మడిచేస్తారు. ఏ4 షీటు అంటే చదరపు మీటరులో పదహారో వంతు. 300 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు) అట్ట అయితే ఆ షీటు ఒక్కటే దాదాపు 19 గ్రాములు తూగుతుంది. దాని మీద బొమ్మ, జిగురు, పైన కవరు అంటే 20 దాటినట్టే. స్టాంపు తక్కువైతే అవతలివాళ్లు డబ్బు కట్టి విడిపించుకోవాలి. పండగ పూట చుట్టాల చేత అలా కట్టించకూడదు.

అందుకని నేను చిన్న కార్డు చేస్తాను. విప్పితే 7 అంగుళాలు, 5.5 అంగుళాలు. మడిస్తే 5.5 అంగుళాలు, 3.5 అంగుళాలు. 250 జీఎస్ఎం అట్టతో చేసినా ఇది 6 గ్రాములకు కాస్త పైన ఉంటుంది. కవరుతో కలిపి 9 గ్రాములు. ఇంకా 11 గ్రాములు మన చేతిలో మిగులుతాయి, బొమ్మకి అది బోలెడు. వంటింట్లో పిండి తూచుకునే చిన్న డిజిటల్ కాటా ఉంటే మొదటి కార్డు పూర్తవగానే తూచి చూసుకోండి.

కాగితం సంగతికి వద్దాం. స్టేషనరీ షాపులో ఐవరీ షీటు అని అడగండి. రెండు వైపులా నునుపుగా ఉండి, గీత గీస్తే కాస్త పట్టుంటుంది. మామూలు చార్టు పలచన, నిలబడదు. షీటు సైజు షాపును బట్టి మారుతుంది కాబట్టి టేపు పట్టుకెళ్లండి. 28 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు ఉన్నది దొరికిందనుకుందాం. 28ని నాలుగు 7లుగా, 22ని నాలుగు 5.5లుగా కోస్తే వృథా లేకుండా 16 కార్డులు వస్తాయి. నేనూ చాలా ఏళ్లు అలాగే కోశాను. మడత దగ్గర అట్ట చిట్లినట్టు పీచులు లేచేవి, కార్డు తనంతట తానే తెరుచుకునేది. ఎందుకో ప్రెస్సులో బైండింగ్ చేసే ఒక పెద్దాయన చెప్పేదాకా నాకు తెలియలేదు. కాగితం తయారయ్యేటప్పుడు దాని పీచులు ఎక్కువగా ఒకే దిక్కుగా పడుకుంటాయి. ప్రెస్సువాళ్లు దాన్ని గ్రెయిన్ అంటారు. మడత ఆ దిక్కునే ఉండాలి, అడ్డంగా ఉంటే పీచు విరుగుతుంది.

దిక్కు తెలుసుకోవడం తేలిక. షీటుని మడవకుండా ఒకసారి పొడవు వాటంగా, ఒకసారి వెడల్పు వాటంగా మెల్లగా వంచి అరచేత్తో నొక్కండి. వంపు గీత ఏ వాటంగా ఉన్నప్పుడు తేలిగ్గా లొంగితే గ్రెయిన్ ఆ వాటంగానే ఉన్నట్టు. ఎక్కువ షీట్లలో అది పొడవు వెంట ఉంటుంది. అలాంటప్పుడు 28 అంగుళాల వైపు 5.5 చొప్పున ఐదు, 22 అంగుళాల వైపు 7 చొప్పున మూడు కోయండి. 15 వస్తాయి. ఒక్క కార్డు తగ్గుతుంది గానీ మడత కత్తితో గీసినట్టు కూర్చుంటుంది. మీకు కావలసినవి 30 కదా, రెండు షీట్లు సరిపోతాయి. పిల్లలు చేసేటప్పుడు కొన్ని పాడవుతాయి, మూడు కొనండి.

మడిచే ముందు స్టీలు స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో మధ్యలో ఒక గాడి గీయండి. గాడి పడిన వైపు బయటికి వచ్చేలా మడిచి, చెంచా వీపుతో రుద్దండి.

కవరుకి 7.5 అంగుళాల చదరం కోసుకోండి. ఏ4 తెల్ల కాగితంలో ఒకటి వస్తుంది. చదరాన్ని వజ్రం ఆకారంలో తిప్పి పెట్టి, మధ్యలో కార్డుని అడ్డంగా ఉంచి, పక్క మూలలు రెండూ లోపలికి, కింది మూల పైకి మడిచి అతికించాలి. కార్డు చుట్టూ రవ్వంత వదులు వదలండి, లేకపోతే బయటికి తీసేటప్పుడు అంచులు నలుగుతాయి. మా చిన్న మనవరాలికి ఆరేళ్లప్పుడే కవర్లు చేయడం వచ్చేసింది. మీ ఇంట్లోనూ చిన్నవాళ్లకి ఈ పని అప్పగించండి.

ఇక చెమ్మ. డిసెంబరులో మన దగ్గర పొద్దున తొమ్మిదైనా పొగమంచు విడవదు. చుట్టూ కాలవలు, చేలల్లో నీళ్లు, పెరట్లో కొబ్బరిచెట్ల నీడ. ఈ గాలిలో కాగితం నీరు పీల్చుకుని సాగుతుంది, ఎండ వచ్చాక బిగుసుకుంటుంది. అన్ని వైపులా ఒకేలా సాగదు కాబట్టి వంకర పోతుంది. పొద్దున పది దాటాక మొదలుపెట్టి నాలుగింటికల్లా సర్దేయండి. షీట్లు చుట్టి మూలన నిలబెట్టకుండా, దినపత్రికల మధ్య పరిచి బీరువాలో పెట్టండి.

వంకర్లకి జిగురు కూడా సగం కారణమే. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి. వేలితో ముద్దగా రాస్తే ఆ నీళ్లన్నీ కాగితం తాగుతుంది. పాత బ్రష్షుతో పలచగా పరిచి, ఒక నిమిషం ఆగి, కాస్త జిగటగా మారాక అతికించండి. పైన దినపత్రిక, దాని మీద పీట, పీట మీద బియ్యం డబ్బా పెట్టి రాత్రంతా వదిలేయండి. ఇంకో కిటుకు ఉంది. ముందు పేజీ మీద రంగు కాగితం అతికిస్తే అది ఆరుతూ అట్టని తన వైపు లాగుతుంది. అదే రోజు లోపలి వైపు కూడా, రాసుకోవడానికి పనికొచ్చే తెల్ల కాగితం ఒకటి అతికించండి. రెండు వైపుల లాగుడూ సమానమై కార్డు చదునుగా ఉంటుంది. పోయినేటి మీ కార్డులకి లోపలి కాగితం లేదనే అనుకుంటున్నాను.

మైదా ఉడికించిన జిగురు కూడా మంచిదే, కానీ పురుగు పట్టకుండా బైండింగ్‌వాళ్లు దానిలో మైలతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలున్న చోట వద్దు.

రంగు అంటుకోవడానికి కారణం స్కెచ్‌పెన్నులు అయ్యుండాలి. వాటి ఇంకు నీళ్లకి కరుగుతుంది, మన గాలిలో పూర్తిగా ఆరదు. రంగు పెన్సిళ్లు వాడండి. పోస్టరు కలరు పలచగా వేసి ఒక రోజంతా ఆరనిచ్చి, మడిచేటప్పుడు మధ్యలో బటర్ పేపరు ముక్క పెట్టండి. కవరు మీద అడ్రసు కూడా జెల్ పెన్నుతో రాయకండి. బాల్‌పెన్నుతో రాస్తే మంచు తడి తగిలినా చెదరదు.

బొమ్మకి వస్తే, పూసలూ కుందన్లూ వద్దు. కవరు మీద ముద్ర పడేటప్పుడు అవే కాగితాన్ని చీలుస్తాయి. వాటి మెరుపు కావాలంటే మన చేలల్లోనే దొరికేది ఒకటుంది, వరిగడ్డి. నేను చేసే కార్డుల్లో నాకు ప్రాణం అవే, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

సార్వా కోతలప్పుడు కొడవలితో కోసిన గడ్డి కావాలి. మిషన్‌తో కోసినది నలిగి చీలికలై ఉంటుంది, పనికిరాదు. పరకలో అన్ని భాగాలూ కూడా పనికిరావు. వెన్నుకి కింద ఉన్న మొదటి కణుపు దగ్గర కత్తిరించి, అక్కడి నుంచి వెన్ను దాకా ఉన్న ముక్క తీసుకోండి. అది నున్నగా, మచ్చ లేకుండా ఉంటుంది. వాన తగిలి నల్లచుక్కలు పడ్డవి తీసేయండి. గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టాక బొటనవేలి గోరుతో నిలువునా చీలిస్తే గొట్టం విప్పుకుంటుంది. లోపలి తెల్లటి బెండుని చాకు వీపుతో మెల్లగా గీకేయండి. పైన పలచటి గుడ్డ వేసి, తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి. వేడెక్కుతుంటే కొత్త ధాన్యం వాసన వస్తుంది. గుడ్డ తీసి చూస్తే బంగారు రిబ్బను ముక్కలా ఉంటుంది.

ఈ రిబ్బన్లని ఒక పలచటి కాగితం మీద పక్కపక్కన సందు లేకుండా అతికించి, బరువు కింద ఆరనివ్వాలి. అప్పుడది గడ్డితో చేసిన గుడ్డలా తయారవుతుంది. దాన్ని కత్తెరతో ఏ ఆకారంలోనైనా కోసుకోవచ్చు. చూడండి, గడ్డి మెరుపు దిక్కుని బట్టి మారుతుంది. అదే గడ్డి నిలువుగా పెడితే తెల్లగా, అడ్డంగా పెడితే ముదురుగా కనిపిస్తుంది. ఒక్క రంగే ఉన్నా, ముక్కల్ని వేర్వేరు వాటాల్లో పెడితే పిచ్చుక రెక్కా, పొట్టా వేరువేరుగా తెలుస్తాయి. ధాన్యపు కుచ్చు వేలాడుతుంటే దాని మీద వాలిన పిచ్చుక, మొదటిసారికి ఈ బొమ్మ చేయించండి. పిల్లలకి తేలిగ్గా వస్తుంది.

కొంచెం చేయి తిరిగాక ప్రభ చేయండి, అదే, తీర్థంలో దేవుణ్ణి పెట్టి మోసుకెళ్లే పెద్ద చట్రం. గడ్డి రిబ్బన్లకి ప్రభ కంటే తగిన బొమ్మ లేదు. అసలు ప్రభని కట్టేదే వెదురు బద్దలు వంచి, రంగురంగుల గుడ్డలు చుట్టి కదా. కనుమ నాడు మా కోనసీమలోని జగ్గన్నతోటకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. గంగలకుర్రు ప్రభని భుజాల మీద మోసుకుంటూ నిండు కౌశిక కాలవ దాటించేటప్పుడు గట్టు మీద నిలబడి చూసినవాళ్లకి ఆ ఆకారం కళ్లలో ఉండిపోతుంది. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో మన రాష్ట్ర శకటం కూడా ఈ ప్రభల తీర్థమే. కార్డు మీద విల్లులా ఒక వంపు గీసుకుని, సన్నటి గడ్డి చీలికల్ని బద్దల్లా నిలువుగా పేర్చండి. మధ్యమధ్యలో టైలరు దగ్గర దొరికే పలచటి నూలుగుడ్డ పేలికలు అతికించండి. పట్టు, జరీ ముక్కల అంచుల్లో పోగులు లేస్తాయి, నూలుదే బాగుంటుంది. కింద మోసేవాళ్లని పెన్సిలుతో చిన్న గీతల్లా వేస్తే చాలు.

గడ్డి పని చేయలేనివాళ్లకి రథం ముగ్గు చెబుతాను. ముదురు ఆకుపచ్చ కాగితం మీద తెల్ల జెల్ పెన్నుతో చుక్కలు పెట్టి రథం వేయించండి. పండగ చివర్లో మనం రథం ముగ్గు వేసి, దాని తాడుని గీతగా పక్కింటి గడప దాకా లాగుతాం కదా. వాళ్లు తమ రథానికి దాన్ని కలుపుకుని ఇంకో ఇంటికి లాగుతారు, అలా వీధంతా ఒక్క గీత అవుతుంది. కార్డు మీద కూడా ఆ తాడుని ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా లాగండి. అంచు దగ్గర గీత ప్రతి కార్డులోనూ కింది నుంచి సరిగ్గా ఒక అంగుళం ఎత్తులో ఉండాలి. మా అక్కచెల్లెళ్ల పిల్లలకి ఒక ఏడు ఇలా తొమ్మిది కార్డులు పంపాను. ఒకరు హైదరాబాదు, ఒకరు విశాఖ, ఇద్దరు భీమవరం. కనుమ నాడు అందరూ మా ఇంటికి చేరినప్పుడు ఎవరి కార్డు వాళ్లు తెచ్చి వీధి అరుగు మీద వరసగా నిలబెట్టారు. తొమ్మిది రథాలకీ ఒక్కటే తాడు. పిల్లలు ఆ వరసని చెదరనివ్వకుండా సాయంత్రం దాకా కాపలా కాశారు.

చిన్నపిల్లలకి అచ్చులు చాలు. బెండకాయని అడ్డంగా కోస్తే పువ్వు వస్తుంది. అరటి ఆకు కాడని అడ్డంగా కోసి చూడండి, లోపల గూళ్లు గూళ్లుగా అర్ధచంద్రంలో వల అల్లినట్టుంటుంది. కోసిన ముఖాన్ని గుడ్డ మీద అద్ది నీరు తీసేసి, స్పాంజి మీద రాసిన పోస్టరు కలరులో ఒత్తి, కాగితం మీద వేయాలి. నీరు తీయకపోతే గూళ్లన్నీ పూడిపోయి మచ్చలా పడుతుంది.

పూల కార్డులు కావాలంటే కాగితాల పువ్వుతో మొదలుపెట్టండి. అది దాదాపు ఎండినట్టే ఉంటుంది, రంగూ నిలుస్తుంది. శంఖుపువ్వు కూడా ఒత్తితే నీలం బాగానే ఉంటుంది. నందివర్ధనం గోధుమరంగుకి తిరుగుతుంది. బంతిపువ్వుని రేకలుగా విడదీస్తే తప్ప ఆరదు. దినపత్రికల మధ్య పెట్టి మొదటి నాలుగు రోజులు రోజూ కాగితం మార్చాలి, మొత్తం పది పన్నెండు రోజులు ఆగాలి. ఆగకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఒక ఏడు తొందరపడి నాలుగు రోజులకే బంతి రేకలు తీసి ఇరవై కార్డులకి అతికించి, దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టాను. భోగికి వారం ముందు విప్పితే ప్రతి రేకు చుట్టూ నల్లటి బూజు వలయం. ఇరవై కార్డులూ పోయాయి. పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. రేకు వంచితే పెళుసుగా చప్పుడు చేయాలి, అప్పుడే అది ఆరినట్టు. ప్లాస్టిక్ ఎప్పుడూ వద్దు.

మీ జాబితాలో క్రిస్మస్ కార్డులు కూడా ఉంటే నరసాపురం లేసు ముక్క ఒకటి చాలు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ అల్లికకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చిన్న నక్షత్రమో పువ్వో తీసుకుని, జిగురుతో కాకుండా సన్నటి తెల్లదారంతో నాలుగు చోట్ల కుట్టండి. జిగురు తగిలితే లేసు గట్టిపడి పసుపు రంగుకి తిరుగుతుంది.

లోపల ఏం రాయాలని మీరు అడగలేదు. కానీ నేను ఎక్కువ సమయం దాని మీదే పెడతాను. అచ్చువేసి అమ్మిన మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో వచ్చింది. హెన్రీ కోల్ అనే ఆయనకి అందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరిక లేక, ఒక చిత్రకారుడి చేత బొమ్మ గీయించి అచ్చు వేయించాడు. అప్పటికి మన ధవళేశ్వరం ఆనకట్ట పని ఇంకా మొదలే కాలేదు. తీరిక లేనివాళ్ల కోసం పుట్టిన వస్తువుని మనం తీరిక చేసుకుని చేస్తున్నాం. అలాంటప్పుడు లోపల "సంక్రాంతి శుభాకాంక్షలు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఏం బాగుంటుంది చెప్పండి. ఎవరికి రాస్తున్నారో వాళ్లకే చెందిన సంగతి ఒక్కటి రాయండి. "పిన్నీ, నువ్విచ్చిన మామిడిమొక్క ఈ ఏడు పూత పట్టింది" అని ఒకసారి మా పిన్నికి రాశాను. ఆవిడ ఆ కార్డుని దేవుడి గూట్లో పెట్టుకుంది. పెద్దవాళ్లకి రాసేటప్పుడు పిల్లల చేత "నమస్కారములు, ఉభయకుశలోపరి" అని పాతపద్ధతిలో మొదలుపెట్టించండి. తాతయ్యలకి అది చూస్తే ఎంత సంతోషమో. రోజుకి ఐదు కార్డులకి మించి రాయకండి, పదోదానికి వచ్చేసరికి అందరికీ ఒకే మాట రాస్తాం.

తేదీలు చెబుతాను. ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతాల్లో మొదలవుతుంది, అప్పటికి గడ్డి రిబ్బన్లూ, పూలూ సిద్ధంగా ఉండాలి. అంటే పూలు డిసెంబరు మొదటి వారంలోనే ఒత్తాలి. బొమ్మలు 25కల్లా అయిపోవాలి. రాతలకి వారం. జనవరి 3, 4 తేదీల్లో పోస్టు చేస్తే భోగికి ముందే అందే అవకాశం ఉంటుంది. విదేశాలకి వెళ్లేవి మాత్రం అన్నిటికంటే ముందు చేసి డిసెంబరు మొదట్లోనే పంపేయండి. ఆరు అంకెల పిన్‌కోడు తప్పకుండా రాయండి, వెనక మీ అడ్రసు కూడా. వీలైతే పోస్టు డబ్బాలో వేయకుండా కౌంటరులో ఇవ్వండి.

మీ వైపు సార్వా కోతలు ఇంకా అవ్వకపోతే ఈ వారమే చేను గట్టు దాకా వెళ్లి, మూల మడుల్లో కొడవలితో కోసేవాళ్లని అడిగి ఒక గుప్పెడు గడ్డి తెచ్చుకోండి. మిషన్ తిరగలేని మూలల్లో ఇప్పటికీ చేత్తోనే కోస్తారు. 30 కార్డులకి వంద పరకలు చాలు. తెచ్చాక కట్టగా కట్టి వంటింటి అటక మీద వెచ్చగా ఉన్నచోట పడుకోబెట్టండి, నిలబెడితే వంగిపోతాయి.